ఎడమవైపు కూలబడే బండి

ఎవరన్నారమ్మా ఆ మాట? మీ నానమ్మది చెవిటి మేళం అన్నారా? వద్దులే, ఎవరో చెప్పకు. చెప్తే ఇప్పుడే వెళ్లి నాలుగు దులపాలనిపిస్తుంది, నా మోకాళ్లేమో ఒప్పుకోవు. కూర్చో. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇలా మంచం మీద కూర్చో. చెవిటిదే, అబద్ధం ఏముంది అందులో. నలభై ఒకటో ఏట జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. కానీ చెవిటిది అని ఊరుకుంటే సగం మాటేగా. మిగతా సగం ఎవరు చెప్తారు? మీ నాన్న చెప్పడు, వాడికి అప్పుడు పదేళ్లు, వాడి లోకం వాడిది. మీ తాత ఉంటే చెప్పేవాడు, చెప్పడమే వాడి పని, వాడు నోరు తెరిస్తే ఎదురింటివాళ్లు కూడా పనులు మానుకుని వినేవాళ్లు. ఇక మిగిలింది నేనే. ఆవిడ మరిదిని, మీ తాత తమ్ముణ్ణి. నేను చెప్పకపోతే ఆ సగం నాతోనే పోతుంది.

మా వదిన వాళ్ల నాన్న మిల్లులో ఇంజను నడిపేవాడు. పెద్ద ఇంజను, చక్రమే మనిషంత ఎత్తు. ఈవిడ ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి ఆ చప్పుడుకే నిద్రపోయేదట. ఇంజను ఆగితే ఏడ్చేదట! మా ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, వంటింట్లో కూరగాయలు తరుగుతూ, రోడ్డు మీద లారీ పోతుంటే "మూడో సిలిండరు కొట్టుకోవడం లేదు" అనేది. మేం నవ్వేవాళ్లం. మా అన్నయ్యకి అప్పటికే చిన్న షెడ్డు ఉంది, మెకానిక్ అని పేరు. పేరే. నిజం చెప్పుకోవాలంటే మా అన్నయ్య చేతిలో స్పానర్ కంటే టీ గ్లాసే ఎక్కువసేపు ఉండేది. మనిషి బంగారం, మాట తేనె, పని మాత్రం అంతంత. ఒకసారి ఏదో జీపు మూడు రోజులైనా స్టార్టు కావడం లేదు. ఈవిడ అన్నం క్యారియర్ ఇచ్చి పోతూ, గుమ్మంలో ఆగి, కాసేపు విని, "దానికి గాలి అందట్లేదు, ఆ గొట్టంలో ఏదో ఉంది" అని వెళ్లిపోయింది. తీసి చూస్తే ఎలుక కట్టుకున్న గూడు! ఆ మర్నాటి నుంచీ క్యారియర్ మా అమ్మ తెచ్చేది, షెడ్డులో వదిన ఉండేది. మా అన్నయ్యకి ఏమాత్రం చిన్నతనం లేదు సుమా. "నేను మాట్లాడతాను, ఆవిడ బాగుచేస్తుంది, ఇద్దరికీ వచ్చిన పని ఇద్దరం చేస్తున్నాం" అనేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది ఆవిడకి. దాని కొన ఇంజను మీద, పిడి చెవికి. డాక్టరు గుండె చూసినట్టే. నాలుగు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు.

అలాంటిదానికి చెవులు పోయాయి. పన్నెండు రోజులు ఒళ్లు కాలిపోయింది. పదమూడో రోజు కళ్లు తెరిచి మమ్మల్నందర్నీ చూసి ఏమందో తెలుసా? "ఏంటి అందరూ మూతులు ఆడిస్తున్నారు, మాట్లాడరేం?" అంది. ఆ మాట ఇప్పటికీ... సరే. మా అన్నయ్య గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు. నేనే మంచం పక్కన కూర్చుని పలక మీద రాశాను. చదువుకుంది. పలక నాకు ఇచ్చేసి గోడవైపు తిరిగి పడుకుంది. మీ చిన్ననానమ్మ, అదే మా ఆవిడ, చెప్తుంది చూడు, "అక్క ఆ తర్వాత పది రోజుల్లో ఏడ్చినంత నేను జన్మలో ఏడవలేదు" అని. అదీ నిజమే. ఏమీ ఏడవకుండా లేచి కూర్చుంది అని నేను కోతలు కొయ్యను.

రెండేళ్లు గడిచాయి. పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. మా అన్నయ్య మాట మాత్రం పట్టుకోలేకపోయేది, మీసం అడ్డం! వాడు మీసం తీసేశాడు తెలుసా ఆవిడ కోసం. ఇరవై ఏళ్లు పెంచిన మీసం. కానీ షెడ్డులో ఆవిడ పని మాత్రం తగ్గిపోయింది. మూల కూర్చుని పంక్చర్లు, విడిభాగాలు కిరోసిన్లో కడగడం, అంతే. పెద్ద పనులు ఒక్కటీ వచ్చేవి కావు. జనం రావడం మానేశారనుకుంది ఆవిడ. నేనూ అదే అనుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది, వస్తున్నా, దాని దగ్గరికే వస్తున్నా.

నేనప్పుడు ఆసుపత్రి బండికి డ్రైవర్ని. మన ఊరి ఆసుపత్రి చిన్నది, పెద్ద రోగం ఏదొచ్చినా కొండ దిగి కింద పట్నం ఆసుపత్రికి పోవాల్సిందే. పదకొండు మలుపులు. మట్టి, రాళ్లు, వానొస్తే బురద. దానికని ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఒకటి ఉండేది, నాలుగు చక్రాలూ లాగుతాయి. అప్పటికే పాతది, పద్దెనిమిదేళ్ల వయసు. దాని గొప్పతనం ఏంటంటే, వెనక చక్రాల దగ్గర అందరికీ ఉండే ఇనుప స్ప్రింగులు ఉండవు. గాలితిత్తులుంటాయి. కొలిమి తిత్తి చూశావా? పోనీ, బొద్దుగా ఉన్న రబ్బరు సంచి అనుకో, ఎడమపక్క ఒకటి, కుడిపక్క ఒకటి. బండి కింద చిన్న కంప్రెసర్ ఉంటుంది, అది గాలి కొట్టి తిత్తుల్ని నింపుతుంది. లోపల మనుషులు ఎక్కువైతే ఇంకాస్త గాలి కొడుతుంది, దిగిపోతే వదిలేస్తుంది. ఎప్పుడూ ఒకే ఎత్తు. కాలు విరిగినవాణ్ణి పడుకోబెట్టినా పల్లకీలో పోయినట్టు పోయేది.

అలాంటి బండి ఎడమపక్క కూలబడడం మొదలుపెట్టింది. మంచం కోడు విరిగినట్టు ఎడమ వెనక కిందికి దిగిపోయేది. అలా దిగాక ఇక తిత్తి లేనట్టే, గుంత వస్తే ఇనుమూ ఇనుమూ గుద్దుకోవడమే. క్వారీలో రాయి మీద పడి తొడ ఎముక విరిగిన మనిషిని తీసుకెళ్తున్నాను ఒకరోజు. మనిషి కొండంత ఉంటాడు, మీసాలు, చేతులు ఇంతింత. పట్టుకోవడానికి ఇద్దరు, ఆక్సిజన్ సిలిండరు, నర్సమ్మ. మూడో మలుపులో కూలబడింది బండి. ఇంకా ఎనిమిది మలుపులు. ఆ మనిషి అరుపులు, అమ్మాయ్... దున్నపోతులాంటి మనిషి, చిన్నపిల్లాడిలా "ఆపండి బాబూ, ఇక్కడే దింపేయండి, ఇక్కడే చస్తాను" అంటాడు. ఆపితే ఎలా, ఆపకపోతే ఎలా? మెల్లగా పోతే ఎక్కువసేపు నొప్పి, తొందరగా పోతే ఎక్కువ నొప్పి. పన్నెండేళ్ల నుంచి తోలుతున్నాను ఆ బండిని, నా స్టీరింగు నాకే శత్రువైపోయింది. పట్నం చేరాక ఆ మనిషి నావైపు చూసిన చూపుంది చూడు, తిట్టినా బాగుండేది.

బండిని పట్నంలోనే పెద్ద షెడ్డుకి తోలాను. నేల అద్దంలా ఉంటుంది అక్కడ. ఫోర్మను తెల్లచొక్కా, జేబులో నాలుగు పెన్నులు. వాళ్ల దగ్గర ఒక మెషీన్ ఉంది, బండికి వైరు పెడితే రోగం అదే చెప్తుందట. కంప్రెసర్ పోయిందన్నారు, మార్చారు. నాలుగు రోజులు బాగుంది, మళ్లీ కూలబడింది. ఎత్తు కొలిచే సెన్సార్ అన్నారు, మార్చారు. మళ్లీ. తిత్తులే పాతవైపోయాయన్నారు, రెండూ కొత్తవి వేశారు. మళ్లీ! రెండో కంప్రెసరూ మాడిపోయింది, మూడోది వేశారు. ప్రతిసారీ వాళ్ల షెడ్డులో రోజంతా పెళ్లికొడుకులా నిటారుగా నిలబడేది. చూశావా నీ భ్రమ అన్నట్టు నన్ను చూసేవాళ్లు. పేషెంటుని ఎక్కించి బయల్దేరితే రెండో మలుపుకే మూలిగేది. ఆరు వారాలు ఇదే తంతు. చివరికి ఫోర్మను చేతులు దులుపుకున్నాడు. "ముసలి బండండీ. దీనికి ఇనుప స్ప్రింగులైనా వెయ్యండి, లేదా తుక్కుకైనా వెయ్యండి." ఇనుప స్ప్రింగులు వేస్తే తక్కువ బరువుకి గుర్రంలా ఎగురుతుంది, ఎముకలు విరిగినవాళ్ల సంగతేంటి? మా పెద్ద డాక్టరు గారు నన్ను పిలిచారు. "శనివారం ఆ క్వారీ మనిషిని మళ్లీ కిందికి తీసుకెళ్లాలి, తొడలో రాడ్డు సరిచేస్తారట. ఈ బండిలో పంపను. శనివారం లోపు బాగుపడకపోతే బండిని ఆపేస్తున్నాను. పట్నం నుంచి బండి ఎప్పుడొస్తే అప్పుడే" అన్నారు. పట్నం బండి ఎప్పుడొస్తుంది? రాదు. ఎన్నిసార్లు చూశాం. అది సోమవారం.

మంగళవారం పొద్దున్నే మా అన్నయ్య షెడ్డుకి తోలుకొచ్చేశాను. అన్నయ్య టీ తాగుతున్నాడు. సంగతి చెప్పాను. వాడు నా చెయ్యి పట్టుకుని గోడ చాటుకి లాక్కెళ్లాడు. "నీకు బుద్ధుందా? అది గాలి కారే జబ్బు. గాలి కారితే సుయ్యిమని చప్పుడు వస్తుంది, చెవితో పట్టుకోవాలి. దానికి వినపడదు కదరా. పట్నం షెడ్డువాళ్లే వదిలేసిన బండి ఇచ్చి, నలుగురిలో దాన్ని నవ్వులపాలు చేస్తావా?" అన్నాడు. కళ్లలో నీళ్లు వాడికి. నేనేదో అనబోయేలోపే వెనకనుంచి కేక. చెవులు పోయాక తన గొంతు ఎంత పెద్దదో ఆవిడకి తెలిసేది కాదు, గుసగుస అనుకుని అంటే వీధి చివరికి వినపడేది. "అబ్బాయ్! ఆ బండికేమైంది?" వచ్చేసింది అప్పటికే. ఎడమ వెనక దిగిపోతోందని చెప్పాను. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ వెనక మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి నిలబడింది, ఆవు ఒంటి మీద చెయ్యి వేసినట్టు.

అప్పుడు నన్ను అడిగింది చూడు ప్రశ్నలు! పోలీసులు నయం. ఎప్పుడు దిగుతుంది? ఖాళీగా ఉన్నప్పుడా, బరువుతోనా? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఎంతసేపటికి? నాకొక్కటీ తెలీదు. "కూలబడుతుంది వదినా, అంతే" అన్నాను. "పన్నెండేళ్లు కాపురం చేశావు దీంతో. పక్కలో మనిషి గురక పెడుతుందో లేదో తెలియదంటే ఎలా నమ్మేది?" అంది. మీ తాత నవ్వాడు, పొద్దుటినుంచీ అదే మొదటి నవ్వు. ఆ రోజు ఒక్క బోల్టు కూడా విప్పలేదు ఆవిడ. ఎదురుగా టైలరు కొట్టు ఉండేది, మనిషి లావు, వాడు కుట్టిన చొక్కాలు వాడికే పట్టేవి కావు పాపం. వాడి దగ్గరికి కొలిచే టేపు అడగడానికి వెళ్లింది.

తిరిగి వచ్చేటప్పటికి మొహం వేరేగా ఉంది. టేపు బల్ల మీద పెట్టి, మా అన్నయ్య ఎదురుగా నిలబడింది. "టైలరు ఏదో అన్నాడు. మళ్లీ పని మొదలెట్టావా అక్కా, మానేశావని మీ ఆయన అందరికీ చెప్పాడే, అన్నాడు. నేను పెదాలు సరిగ్గా చదివానా?" అన్నయ్య నేలచూపులు చూశాడు. "ఎవరెవరికి చెప్పావు?" జీవితంలో మొదటిసారి మా అన్నయ్యకి మాట రాకపోవడం చూశాను. వచ్చిన ప్రతి మనిషికీ చెప్పి పంపేశాడట, రెండేళ్ల పాటు, "ఆవిడ ఒంట్లో బాగాలేదు, పెద్ద పనులు మానేసింది" అని. ఎవరూ ఆవిణ్ణి వెక్కిరించకూడదని. ప్రేమతోనే చేశాడు, ఇప్పుడంటున్నా, ప్రేమే అది. కానీ ఆవిడ అన్న మాట విను. "నాకు చెవులు పోయాయి. సరే. మరి నా చేతులు ఎవరికి ఇచ్చేశావయ్యా?" అంది. పెద్దగా అంది, వీధంతా వినపడింది, టైలరు మిషను ఆగిపోయింది. మా అన్నయ్య గబగబా వెళ్లి సుద్దముక్క తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. అంతే. క్షమాపణలు చెప్పుకునే మనుషులు కాదు మా ఇంట్లో. ఆవిడ ఆ సుద్దముక్క పట్టుకుని బండి దగ్గరికి వెళ్లిపోయింది.

చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచింది. ఎడమ ఇంత, కుడి ఇంత అని గోడ మీద రాసింది. గంటకోసారి కొలిచేది, రాసేది. పొద్దుగూకే దాకా అంకె మారలేదు. పట్నంలోనూ ఇదే కదా జరిగింది! "చూశావా వదినా, వాళ్లూ ఇలాగే..." అన్నాను. ఆవిడ మొహంలో వెలుగు వచ్చింది. "ఖాళీగా ఉంటే దిగదు. ఆరు వారాలు వాళ్లు చూసింది ఖాళీ బండిని. జబ్బు లేనప్పుడు నాడి చూస్తే ఏం దొరుకుతుంది?" అంది.

బుధవారం ఎక్కించింది జనాన్ని. ముందు మీ తాత. తర్వాత టైలరు, వాడొక్కడే ఇద్దరి పెట్టు. బడిలో లెక్కల మాస్టారు పంక్చరు కోసం వచ్చాడు, ఆయన్నీ ఎక్కించింది, మీ చిన్ననానమ్మ నాకు క్యారియర్ తెస్తే ఆవిణ్ణీ ఎక్కించింది. "కదలకండి" అని హుకుం. మా అన్నయ్యకి ఇంకేం కావాలి, ఎటూ పారిపోలేని శ్రోతలు! అరగంట కబుర్లు. టేపు పెట్టి చూస్తే ఎడమపక్క వేలెడు దిగింది. కుడిపక్క ఉన్నది ఉన్నట్టే. టైలరు మొహం చిన్నబుచ్చుకుని "నేను ఎడమపక్క కూర్చున్నాననా?" అన్నాడు. వాణ్ణి కుడిపక్కకి మార్చి మళ్లీ గాలి కొట్టి కొలిచారు. అయినా ఎడమే!

ఇక అప్పుడు చేసింది అసలు పని. ఇది బాగా విను. కంప్రెసరు నుంచి గాలి ఒక వాల్వుల పెట్టెలోకి వస్తుంది, అక్కడి నుంచి ఎడమ తిత్తికో పైపు, కుడి తిత్తికో పైపు. సన్నటి పైపులు, చిటికెన వేలంత. ఈవిడ ఏం చేసిందంటే, ఆ రెండు పైపుల్నీ పెట్టె నుంచి ఊడదీసి, వాటి చివర్లకి సైకిలు ట్యూబుకుంటుందే, గాలి కొట్టే వాల్వు, అది బిగించింది. ఒక్కోదానికి ఒక్కోటి. టైరుకి కొట్టినట్టు పంపుతో తిత్తులకి నేరుగా గాలి కొట్టింది! బండి లేచి నిలబడింది. అంటే ఇప్పుడు కంప్రెసర్ లేదు, సెన్సార్ లేదు, వాల్వుల పెట్టె లేదు, మెషీన్ చెప్పినవేవీ లేవు. పైపు, తిత్తి, గాలి, అంతే. "మళ్లీ ఎక్కండి" అంది. ఎక్కారు. అరగంటకి ఎడమపక్క వేలెడు దిగింది! ఆరు వారాలు మార్చిన సామాన్లన్నీ నిర్దోషులని ఒక్క సైకిలు వాల్వుతో తేలిపోయింది. మిగిలింది తిత్తి, పైపు. తిత్తి కొత్తది. పైపు ఒక్కదాన్నే ఎవరూ ముట్టుకోలేదు.

మరి పైపులో ఎక్కడ? మా అన్నయ్య గడ్డం గీసుకునే బ్రష్షు ఉండేది, ఆవిడ తెచ్చి సబ్బునీళ్లలో ముంచి పైపంతా పూసింది. గాలి కారితే బుడగ రావాలి. రాలేదు. పైపు మధ్యలో మూరెడు మేర ఛాసీకీ, అంటే కింద ఇనుప చట్రానికీ, పైన బాడీకీ సందులోంచి పోతుంది, అక్కడికి కన్నూ పోదు, బ్రష్షూ పోదు. ఇక మిగిలింది చెవే. బరువు కోసం మీ చిన్ననానమ్మనీ నాలుగు ఇసుక బస్తాలనీ బండి లోపల ఉంచి, కింద దూరారు అందరూ. టైలరు దూరలేక పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఇదిగో, ఇక్కడ సుయ్యిమంటోంది" అని టైలరు చక్రం దగ్గర చూపించాడు. "కాదు, ఇక్కడ" అని మాస్టారు ట్యాంకు దగ్గర. అన్నయ్య ఇంకోచోట. నేను మరోచోట. ఛాసీ ఇనుము బోలుగా ఉంటుంది కదా, చప్పుడు ఎక్కడో పుట్టి ఎక్కడో పలుకుతుంది. నలుగురం, ఎనిమిది చెవులు, నాలుగు చోట్లు. ఒకరితో ఒకరం పోట్లాట! ఆవిడ మా మూతులు చూస్తూ కూర్చుంది, కాసేపటికి విసుగొచ్చి "జరగండి" అంది.

చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచింది. కింద వెల్లకిలా పడుకుని ఆ సందులోకి చెయ్యి పోనిచ్చింది. మగాడి చెయ్యి పట్టే సందు కాదది. మెల్లగా, అంగుళం అంగుళం. తడి చేతికి గాలి తగిలితే చల్లగా ఉంటుంది కదా, ఎంత సన్నటి గాలైనా. కళ్లు మూసుకుంది. చెయ్యి గీసుకుపోయి రక్తం వస్తోంది, నేను కాలు తట్టి చెప్పబోతే రెండో చేత్తో ఆగమంది. ఎంతసేపని? నాకైతే యుగం. ఉన్నట్టుండి "దొరికింది!" అని ఒక్క కేక పెట్టింది. బండి లోపల మీ చిన్ననానమ్మ ఉలిక్కిపడి తలకాయ పైకప్పుకి కొట్టుకుంది.

ఏమైందో తెలుసా? బాడీకీ ఛాసీకీ మధ్య రబ్బరు బిళ్లలుంటాయి, బాడీ బరువంతా వాటి మీదే. ఎడమ వెనక బిళ్ల పద్దెనిమిదేళ్లు మోసి మోసి అప్పడంలా నలిగిపోయింది. ఖాళీగా ఉంటే బాడీ పైపుకి తగలదు. మనుషులెక్కితే బాడీ దిగి పైపుని వంచుతుంది, వంగితే వెంట్రుకంత చీలిక నోరు తెరుస్తుంది. మనుషులు దిగితే మూసుకుంటుంది. దొంగ! ఆ సన్నటి కన్నం కోసం కంప్రెసర్ ఆగకుండా కొట్టీ కొట్టీ మాడిపోయేది. గురువారం వదిన చెడ్డ ముక్క కోసేసి ఇత్తడి జాయింటు వేసింది, పైపుని సందులోంచి తప్పించి ఛాసీ పక్కనుంచి తిప్పింది. క్వారీలో రాళ్లు మోసే బెల్టు ముక్క తెప్పించి బిళ్ల కోసి పెట్టింది. "పైపు ఒక్కటే మారిస్తే ఏడాదికి ఇంకోటి చీలుతుంది. నొక్కేదాన్ని ముందు సరిచెయ్యాలి" అంది. శుక్రవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం ఎక్కి కూర్చున్నారు. అంకె కదల్లేదు. గోడ మీద ఒకే అంకె పన్నెండుసార్లు!

శనివారం క్వారీ మనిషి ఎక్కనన్నాడు. "చంపెయ్యండి కానీ అందులోకి ఎక్కించకండి" అంటాడు. డాక్టరు గారు చెప్పారు, నర్సమ్మ చెప్పింది, ఊహూఁ. వదిన ముందుకి వచ్చింది. వాడి స్ట్రెచ్చరు పక్కన నిలబడి, "నీ పక్కన నేను కూర్చుంటాను. నాకు వినపడదు, నువ్వు అరిచినా దండగ. నొప్పేస్తే నా చెయ్యి నొక్కు. నేను బండి ఆపిస్తాను" అంది. ఆ చెయ్యికి గుడ్డ కట్టుంది అప్పటికి. వాడు ఆ కట్టు చూశాడు, ఆవిడ మొహం చూశాడు. ఏమనుకున్నాడో, సరే అన్నాడు.

నా జన్మలో అంత భయపడుతూ ఎప్పుడూ తోలలేదు. మొదటి మలుపు. రెండో మలుపు. మూడో మలుపు దగ్గర గేరు తగ్గించి నత్తలా పోనిచ్చాను. బండి ఒక్కసారి ఊగి మెత్తగా నిలదొక్కుకుంది, పాత రోజుల్లోలాగా. అద్దంలో చూస్తున్నాను. వాడు ఆవిడ చెయ్యి పిడికిలి బిగించి పట్టుకున్నాడు, ఆవిడ పళ్ల బిగువున ఓర్చుకుంటోంది, వాడికి నొప్పి లేదు, భయానికే నొక్కేస్తున్నాడు! ఆరో మలుపులో వాడి పట్టు వదులైంది, చెయ్యి జారిపోయింది. వదిన కంగారుపడింది. "అబ్బాయ్! ఆపు, ఆపు! మనిషి పోయేలా ఉన్నాడు!" అని అరిచింది. నాకు నవ్వాగలేదు. బండి ఆపి వెనక్కి తిరిగి, మూతి బాగా కనపడేలా చెప్పాను. "గురక వదినా! గురక పెడుతున్నాడు! కొండ అదిరిపోతోంది!" ఆవిడ వాడి మొహం దగ్గరికి వంగి చూసి, గుండె మీద చెయ్యి పెట్టి ఆ అదురు చూసుకుని, వెనక్కి వాలి కూర్చుంది. ఏడ్చింది. నవ్వుతూ ఏడ్చింది. నేను ముందుకి తిరిగిపోయాను, గేరు వెయ్యాలి కదా.

వాణ్ణి ఆసుపత్రిలో దింపి, ఊరుకోలేక, తిన్నగా పెద్ద షెడ్డుకి పోనిచ్చాను. ఉన్నమాట చెప్తున్నా, గొప్ప కోసమే పోనిచ్చాను. వదిన వద్దంటూనే ఉంది. ఫోర్మను వచ్చాడు. ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది. అతను మంచివాడే, చెప్పుకోవాలి. తెల్లచొక్కాతోనే బండి కిందకి దూరి చూసి వచ్చాడు, వీపంతా మట్టి. ఆవిడ చెవి దగ్గరికి వచ్చి "మెషీన్ పెట్టి చూశాం కదమ్మా, పైపు సంగతి చెప్పలేదే!" అని అరిచాడు. "అరవకు నాయనా, ఎదురుగా నిలబడి మెల్లగా చెప్పు" అంది. చెప్పాడు. "నువ్వు అడిగిందానికి అది చెప్పింది. ఖాళీ బండిని అడిగావు నువ్వు" అంది. అతను పెన్నుల్లో ఒకటి తీసి అక్కడే రాసుకున్నాడు. ఆ తర్వాత వాళ్లకి అంతు చిక్కని బండి ఏది వచ్చినా కొండెక్కించి మా షెడ్డుకి పంపేవాడు. పంతొమ్మిదేళ్లు, అమ్మాయ్. మీ నానమ్మ పోయేముందు నెల దాకా కూడా.

ఆ రోజు ఇంటికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం. షెడ్డు ముందు జనం మూగి ఉన్నారు. ఏదో జరిగిందనుకున్నాను. చూస్తే మా అన్నయ్య నిచ్చెన మీద! కింద టైలరు నిచ్చెన పట్టుకున్నాడు. ఒంటి నిండా నీలం రంగు, రేకు మీద ఇంతేసి అక్షరాలు రాస్తున్నాడు. నోటితో కానీ చేత్తో ఏ పనీ చేసి ఎరగని మనిషి. అక్షరాలు ఒకటి ఇటు ఒకటి అటు. వదిన బండి దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, పైకి చూస్తూ ఒక్కో అక్షరం చదివింది. "ఇక్కడ మెకానిక్కి వినపడదు. ఎదురుగా నిలబడి చెప్పండి" అని ఉంది. వీధి వీధంతా ఆవిడ మొహమే చూస్తోంది. అన్నయ్య నిచ్చెన మీద నుంచే తలవంచి చూస్తున్నాడు, బ్రష్షు నుంచి రంగు టైలరు నెత్తిన కారుతోంది. ఆవిడ అంది, "చివరి వరస కిందికి జారింది. ఎడమపక్క." అంతే అంది. లోపలికి వెళ్లి, కొంగు బిగించి, మూల పంక్చరు బల్లని కాలితో పక్కకి నెట్టి, షెడ్డు నడిమధ్యన నిలబడింది. నేను ఆ గుమ్మంలో...

ఊఁ.

ఆ కిటికీ రెక్క ఒకటి వెయ్యమ్మా, ఎండ కళ్లలో కొడుతోంది.